మంచి ఫొటోల కోసం ఎక్కడికి వెళ్లాలని అడిగారు కదా, ముందు మీ కాలువ గట్టుకే వెళ్లండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తణుకు దగ్గర పల్లెటూరు, వయసు 26, మూడేళ్లుగా ఫోన్‌తో పొలాలూ చెట్లూ మనుషుల ఫొటోలు తీస్తున్నారు. లక్ష రూపాయలు కూడబెట్టుకున్నారు. దాంతో కెమెరా కొనాలా, లేక లంబసింగి, గండికోట లాంటి చోట్లకి తిరిగితే మంచి ఫొటోలు వస్తాయా అన్నది మీ సందేహం. చివర్లో "మా ఊళ్లో తీయడానికి పొలాలు తప్ప ఏముంది" అని ఒక మాట రాశారు. నేను రాయబోయేదంతా దాదాపు ఆ ఒక్క మాట గురించే.

నేను ఏలూరులో లెక్చరర్‌ని. ఫొటోగ్రఫీ నాకు వృత్తి కాదు, దాని మీద ఎప్పుడూ సంపాదించలేదు. కానీ 23 ఏళ్లుగా నా ఆదివారాలు, సెలవులు, చలికాలపు తెల్లవారుజాములు చాలావరకు దానికే ఇచ్చాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదటి ఐదారేళ్లు నేనూ మీలాగే అనుకున్నాను. పేరున్న చోటుకి వెళ్తే మంచి ఫొటో దానంతట అదే వస్తుందని నమ్మాను. గండికోటకి వెళ్లాను. పెన్నా నది కొండని నిలువునా కోసుకుంటూ పోయిన ఆ లోయ అంచున నిలబడితే ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూసుకుంటే మాత్రం నా ఫొటోకీ, నెట్‌లో కనిపించే వంద ఫొటోలకీ తేడా లేదు. ఎందుకుంటుంది? అందరం ఒకే బండ మీద నిలబడ్డాం, అదే సాయంత్రం వేళ, అదే వైపు చూశాం. పాడేరు దగ్గర వంజంగి కొండ మీద మేఘాల సముద్రం చూడ్డానికి వెళ్లినప్పుడూ అంతే. చలికాలంలో అక్కడ తెల్లారేసరికి వందల మంది ఉంటారు. అందరి ఫోన్లలో అదే తెల్లటి మేఘం, అదే ఎర్రటి సూర్యుడు.

గండికోటకి మూడోసారి వెళ్లినప్పుడు రెండు రోజులు ఉన్నాను. రెండో రోజు మధ్యాహ్నం మూడు దాటాక అవతలి అంచున ఒక మేకల కాపరి నడుచుకుంటూ వెళ్లాడు. అంత పెద్ద రాతిగోడ పైన చీమంత మనిషి, వెనకాల చుక్కల్లాంటి మేకలు. ఆ లోయ ఎంత లోతో నా ఫొటోలో మొదటిసారి అప్పుడు తెలిసింది. అంతకుముందు తీసినవాటిలో రాళ్లున్నాయి కానీ కొలత లేదు. అతను రోజూ ఆ వేళకి వస్తాడని ముందే తెలిసి ఉంటే ఇంకాస్త మంచి చోట నిలబడి ఉండేవాణ్ణి. అది తెలిసేది అక్కడ ఉండేవాళ్లకే.

ఆ మేకల కాపరిని చూశాకే ఊళ్లు తిరగడం తగ్గించాను. ఇంటికి దగ్గర్లోనే ఒక చోటు ఎంచుకుని దానికే పదే పదే వెళ్లడం మొదలుపెట్టాను. నాకది కొల్లేరు. మీకు మీ ఊరి కాలువ గట్టు అవుతుంది. ఎందుకంటే అక్కడ ఎప్పుడు ఏం జరుగుతుందో మీకు ముందే తెలుసు. బయటినుంచి వచ్చిన ఎంత గొప్ప ఫొటోగ్రాఫర్‌కైనా తెలియనిది అదే.

మీ పొలాల సంగతే తీసుకోండి. జూన్‌లో కాలువకి నీళ్లొదులుతారు. ఆకుమళ్లు పోస్తారు, దమ్ము చేస్తారు, అంటే చేలో నీళ్లు పెట్టి బురదగా దున్నుతారు. దమ్ము చేసిన చేలో నీళ్లు నిలబడి, ఊడ్పులు (నాట్లు) పడి, పిలకలు వేసి ఆకు కమ్ముకునే దాకా దాదాపు రెండు మూడు వారాలు ఆ చేను అద్దంలా ఉంటుంది. కొబ్బరి చెట్టు, మబ్బు, గట్టు మీద సైకిల్ మీద పోయే మనిషి, అన్నీ రెండేసి కనిపిస్తాయి. ఆ తర్వాత సార్వా (వానాకాలం) పంట కమ్మేశాక ఆ అద్దం మళ్లీ దాళ్వా (రెండో పంట) ఊడ్పుల దాకా రాదు. ఏడాదికి రెండే అవకాశాలు, అదీ కొన్ని రోజులే. ఈ లెక్క మీకు పుట్టినప్పటినుంచి తెలుసు, దాన్ని ఫొటోకి వాడుకోలేదు, అంతే. వేసవిలో కాలువలు కట్టేశాక అడుగున బయటపడే మట్టి, పగుళ్లు, రేవు మెట్లు, అవి ఇంకో నెల పని.

వెలుగు గురించి పుస్తకాల్లో, వీడియోల్లో సరిగ్గా దొరకని ఒక విషయం చెప్తాను. "గోల్డెన్ అవర్" అంటారు కదా, పొద్దు పొడిచాక ఒక గంట, పొద్దు గూకే ముందు ఒక గంట. ఆ మాట ఎక్కువగా యూరప్, అమెరికా వాళ్ల అనుభవంలోంచి వచ్చింది. అక్కడ సూర్యుడు ఏటవాలుగా, నెమ్మదిగా ఎక్కుతాడు. డిసెంబర్‌లో లండన్‌లో సూర్యుడు ఆరు డిగ్రీల ఎత్తు దాటి ఆ బంగారు వెలుగు పోవడానికి దాదాపు గంట పడుతుంది. మనం భూమధ్యరేఖకి దగ్గర, మన సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా లేస్తాడు. అదే ఆరు డిగ్రీలకి మన దగ్గర పట్టేది దాదాపు అరగంట. అంటే మీకున్నది గంట కాదు, అందులో సగమే. సూర్యుడు వచ్చాక బండి తీసి బయల్దేరితే సగం పోయినట్టే. జూలైలో మీ వైపు 5.35 ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది. ఐదింటికల్లా గట్టు మీద ఉండండి. సూర్యుడు రాకముందు ఉండే ఆ 20 నిమిషాల నీలం వెలుగు నీళ్లున్న చేలకి అన్నిటికంటే బాగుంటుంది. దాన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు.

ఇంకోటి. సూర్యుడు రోజూ ఒకేచోట ఉదయించడు. మన ప్రాంతంలో జూన్‌లో తూర్పుకి దాదాపు 24.5 డిగ్రీలు ఉత్తరంగా, డిసెంబర్‌లో అంతే దక్షిణంగా వస్తాడు. మొత్తం 49 డిగ్రీల తేడా. మీ ఊరి గుడి గోపురం వెనక డిసెంబర్‌లో పొద్దు పొడిస్తే, జూన్‌లో అదే గట్టు మీద నిలబడితే ఆ గోపురం మీద పక్కనుంచి వెలుగు పడుతుంది. గోపురం అదే, ఫొటో మాత్రం పూర్తిగా వేరు. నేను ఒక చిన్న నోట్‌బుక్‌లో ఇది రాసుకుంటాను: ఏ తేదీకి ఏ చెట్టు వెనక పొద్దు వచ్చిందో. పన్నెండు నెలలు రాస్తే మీ ఊరి వెలుగు మీ చేతికి వచ్చేస్తుంది.

ఇక మీ ప్రశ్నతోపాటు పెట్టిన మూడు ఫొటోల్లో ఒకదాని గురించి. దమ్ము చేస్తున్న ట్రాక్టర్ వెనక కొంగలు వాలిన ఫొటో నాకు చాలా నచ్చింది. మీరు దాన్నే "బాగా రాలేదు" అన్నారు. లోపం ఎక్కడుందో చెప్తాను, ఎందుకంటే ఇది తెలిస్తే మీకు సగం ఫొటోగ్రఫీ వచ్చినట్టే. ఆ ఫొటోలో మట్టి బాగా కనిపిస్తోంది, కొంగలు మాత్రం తెల్లటి కాగితం ముక్కల్లా ఉన్నాయి. ఈకలు కనిపించడం లేదు. కెమెరా అయినా ఫోన్ అయినా ఎదురుగా ఉన్నదంతా మధ్యరకం బూడిద రంగు అనుకుని వెలుగు లెక్క వేస్తుంది. మీ ఫ్రేములో మూడొంతులు నల్లటి బురద. అది చూసి "ఇక్కడ చీకటిగా ఉంది" అనుకుని వెలుగు ఎక్కువ తీసుకుంది. బురద బూడిద రంగైంది, కొంగ మరీ తెల్లబడి ఈకలు పోయాయి. ఫోన్‌లో అయితే కొంగ మీద వేలు నొక్కి పట్టుకోండి, సూర్యుడి గుర్తు వస్తుంది, దాన్ని కిందికి లాగండి. కెమెరాలో ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా వేసిన వెలుగు లెక్కని మనం పెంచే, తగ్గించే సెట్టింగ్) మైనస్ ఒకటి పెట్టండి. బురద నల్లగానే ఉండనివ్వండి, అది నల్లదే కదా.

ఇదే కొంగ చలికాలం మంచులో ఉంటే లెక్క తిరగబడుతుంది. అంతా తెల్లగా ఉంటే కెమెరా వెలుగు తగ్గించేస్తుంది, మంచు మురికిగా వస్తుంది. అప్పుడు ప్లస్ 0.7 గానీ, ప్లస్ ఒకటి గానీ పెట్టాలి. కొల్లేరులో నేను తీసిన మంచు ఫొటోలు మూడు సీజన్లు మురికిగానే వచ్చాయి, ఈ లెక్క అర్థమయ్యేదాకా.

కొంగలు ఎగిరేటప్పుడు తీయాలంటే షట్టర్ స్పీడ్ (కెమెరా తలుపు ఎంత చప్పున తెరిచి మూస్తుందో) సెకనులో 1/1600వ వంతుకి తగ్గకూడదు. పొద్దు బాగా ఎక్కాక, ఐఎస్‌ఓ (వెలుగుకి కెమెరా ఎంత స్పందించాలో) 400 పెట్టి, అపర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం) ఎఫ్/5.6లో సుమారుగా అది దొరుకుతుంది. కానీ స్పీడ్ కంటే ముఖ్యం కొంగ ఎటు ఎగురుతుందో తెలియడం. పక్షులు ఎక్కువగా గాలికి ఎదురుగా లేస్తాయి. గాలి మీ వీపుకి తగిలేలా నిలబడితే అవి మీ వైపు లేస్తాయి, ముఖం కనిపిస్తుంది. ట్రాక్టర్ మడి చివర్లో తిరిగేటప్పుడు ఒక్కసారిగా లేస్తాయి. ఇవి మీకు నేను చెప్పక్కర్లేదు, రోజూ చూస్తున్నారు.

విసురువల కూడా అంతే. వల గాలిలో గుండ్రంగా విచ్చుకునేది అర క్షణం. కొత్తలో వల చేతిలోంచి బయటికి రాగానే నొక్కేవాణ్ణి, ఎప్పుడూ సగం విచ్చుకున్న వలే వచ్చేది. తర్వాత ఒక అలవాటు చేసుకున్నాను: మొదటి మూడు విసుర్లకి కెమెరా ఎత్తను. ఆ మనిషి ఎడమ భుజం ఎప్పుడు తిరుగుతుందో, పళ్లతో పట్టుకున్న వల అంచు ఎప్పుడు వదులుతాడో చూస్తాను. వదిలిన క్షణంలో నొక్కాలి. నాలుగో విసురుకి వస్తుంది.

కొల్లేరు గురించి కొంచెం చెప్తాను, మీకు దగ్గరే కాబట్టి. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న మంచినీటి సరస్సు. 1999లో 308 చదరపు కిలోమీటర్లని అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలో, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో చేరింది. మొదటిసారి వెళ్లేవాళ్లు కైకలూరు దగ్గర ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్తారు. గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కట్టుకోవడానికి అటవీశాఖ వాళ్లు నీళ్లలో ఇనప స్టాండ్లు పెట్టారు. చలికాలంలో వాటి నిండా గూళ్లే. తెల్లవారుజామున అవి రెక్కలు విదిల్చే చప్పుడు గట్టు దాకా వినిపిస్తుంది.

అక్కడ నాకు బాగా నచ్చిన ఫొటో పక్షిది కాదు. జనవరిలో మంచు పట్టిన రోజు, గుర్రపుడెక్క మధ్యలోంచి సన్నటి దారి చేసుకుంటూ తాటిదోనె మీద ఒకాయన వస్తున్నాడు. మంచులో దోనె కనిపించదు, కర్ర వేసే మనిషి మాత్రమే నీళ్ల మీద నడుస్తున్నట్టు ఉన్నాడు. దోనె ముందు భాగంలో ఒక స్టీలు క్యారేజీ. ఆ క్యారేజీ మూత మీద ఒక చిన్న మెరుపు. ఫొటో మొత్తంలో వెలుగున్నది అక్కడొక్కచోటే. ఆ రేవుకి అప్పటికి నలభై సార్లన్నా వెళ్లి ఉంటాను. ఆయన ఏడింటికి ముందు వస్తాడని తెలుసు, ఏ వైపునుంచి వస్తాడో తెలుసు. మంచు మాత్రం ఆ రోజు దొరికింది.

మనుషుల ఫొటోల గురించి ఎక్కువ రాయాలి, ఎందుకంటే ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు, నేనూ చేశాను. లంక గ్రామంలో ఒక గట్టు మీద ఎండుచేపలు ఆరబెడుతున్న ఆవిడని దూరం నుంచి జూమ్ లెన్స్‌తో తీస్తున్నాను. "సహజంగా రావాలి" అన్నది నా ఉద్దేశం. ఆవిడ చూసింది. కోప్పడలేదు. "ఈ మాసిన చీరలో తీస్తావా బాబూ? జాతరకి రా, అప్పుడు తియ్యి" అంది. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర జరుగుతుంది. వెళ్లాను. ఆవిడ కొత్త చీర కట్టుకుని, కొడుకు కొన్న కొత్త పడవ పక్కన నిటారుగా నిలబడి, చేతులు రెండూ కిందికి పెట్టి, లెన్స్ లోపలికి సూటిగా చూసింది. నవ్వలేదు. నేను నవ్వమనలేదు. ఫొటోగ్రఫీ పాఠాల ప్రకారం అది "స్టిఫ్" ఫొటో. కానీ తనని తాను ఎలా చూపించుకోవాలనుకుంటుందో అది ఆవిడ నిర్ణయం. ఆ ఫొటోలో ఉన్న మర్యాద నా దూరపు ఫొటోల్లో లేదు.

రెండు ఫొటోలూ పెద్దవి ప్రింట్ వేయించి పట్టుకెళ్లాను. జాతర ఫొటో గోడకి పెట్టించుకుంది. చేపల ఫొటో చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, "ఈ చాప మీదవి ఆరలేదు, చూడు, ఇంకా తడి మెరుస్తోంది. ఆ రోజు మబ్బేసింది" అంది. నేను ఆ ఫొటోని వంద సార్లు చూసి ఉంటాను. ఆ తడి నాకు ఎప్పుడూ కనిపించలేదు. అప్పటినుంచి ఎవరి ఫొటో తీసినా వాళ్లకి చూపించి, వాళ్లు ఏం చెప్తారో విన్నాకే దాన్ని ఎంచుకుంటున్నాను.

కాబట్టి అడగండి. అడిగితే సహజత్వం పోతుందని భయపడకండి. అడిగాక పది నిమిషాలు అక్కడే కూర్చుంటే వాళ్ల పనిలో వాళ్లు పడతారు. మొదటి రోజు కెమెరా సంచిలోంచి తీయకుండా మాట్లాడి వచ్చేసినా నష్టం లేదు. ఆడవాళ్లు స్నానాలు చేసే రేవుల వైపు కెమెరా తిప్పొద్దు. పిల్లల ఫొటోలకి అమ్మనో నాన్ననో అడగండి. ఫొటో తీసుకోమనడం వేరు, దాన్ని ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకోమనడం వేరు, రెండో మాట విడిగా అడగాలి. ఊడ్పుల్లో ఉన్న ఆడవాళ్లు వంగి పనిచేస్తుంటారు, వెనకనుంచి ఎప్పుడూ తీయకండి. గట్టు దిగి, ముందువైపు, వాళ్ల కంటే కిందికి కూర్చుంటే ముఖాలు, చేతులు, నారు కట్ట అన్నీ కనిపిస్తాయి.

ఇది కొత్త ఆలోచనేం కాదు. ఆరో నిజాం దగ్గర పనిచేసిన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లోనే హైదరాబాద్‌లో పర్దాలో ఉండే స్త్రీల కోసం విడిగా జనానా స్టూడియో పెట్టి, దాన్ని ఒక ఇంగ్లీషు మహిళకి అప్పగించాడు. ఫొటో దిగే మనిషి ఇబ్బంది పడకూడదని అప్పట్లోనే అంత ఏర్పాటు. అలాగే 2022లో చనిపోయిన ఫొటోగ్రాఫర్ భరత్ భూషణ్ గారు. తెలంగాణ పల్లెలు, ఇళ్లు, వాకిళ్లు, బతుకమ్మలు ఏళ్ల తరబడి తీశారు. ఆయన ఫొటోల్లో మనుషులు కెమెరాని చూసి బెదరరు. ఒకే నేలకి అన్నేళ్లు తిరిగి తిరిగి వెళ్తేనే అది వస్తుందని నా నమ్మకం. వీలైతే వెతికి చూడండి.

చర్మం రంగు గురించి ఒక్క మాట, ఇది నాకు పట్టింపు ఉన్న విషయం. ఎండలో పనిచేసే మన మనుషులు నల్లగా, చామనఛాయగా ఉంటారు. చాలా ఫోన్లు వాటంతట అవే ముఖాన్ని తెల్లబరిచి, ముడతలు చెరిపేస్తాయి. ఆ బ్యూటీ మోడ్ ముందు ఆపేయండి. ఫిల్మ్ రోజుల్లో కొడాక్ ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి వాడిన కార్డుల మీద ఒక తెల్ల మహిళ బొమ్మ ఉండేది, వాటిని షర్లీ కార్డులనేవారు. ఫిల్మ్ రంగులన్నీ ఆ ముఖానికి సరిపోయేలా కుదిర్చారు. ఆ అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. తెల్ల పంచె, నల్లటి ముఖం ఒకే ఫ్రేములో ఉంటే మిట్ట మధ్యాహ్నం తీయకండి. ఆయన్ని వేపచెట్టు నీడ అంచుకో, అరుగు మీదికో రమ్మనండి. బయటి వెలుగు ముఖం మీద మెత్తగా పడుతుంది. నల్లటి చర్మం మీద ఆ వెలుగు పడితే వచ్చే మెరుపు ఏ ఎడిటింగ్‌లోనూ రాదు.

పక్షుల దగ్గర నేను చేసిన ఒక తప్పు చెప్తాను, మీరు చేయకూడదని. ఏప్రిల్‌లో ఎండిన చెరువులో తీతువు పిట్ట గూడు కనిపించింది. గూడు అంటే ఏమీ ఉండదు, నేల మీద చిన్న గుంట, నాలుగు మట్టిరంగు గుడ్లు. తల్లి పిట్ట పక్కనే అరుస్తూ తిరుగుతోంది. "దగ్గరికి వస్తుందిలే" అని అరగంట అక్కడే కూర్చున్నాను. ఎండ మండిపోతోంది. తర్వాత తెలిసింది, ఆ పిట్టలు నీళ్లలో పొట్ట తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చుని వాటిని చల్లబరుస్తాయట. నేనున్న ఆ అరగంట ఆ గుడ్లు నీడ లేకుండా ఉన్నాయి. రెండు రోజుల తర్వాత వెళ్లి చూస్తే గూడు ఖాళీ. పిల్లలు అయ్యాయో, పాడయ్యాయో నాకు తెలియదు. ఆ ఫొటో ఎక్కడా పెట్టలేదు. గూడు కనిపిస్తే పక్కకి తప్పుకుని వెళ్లిపోండి, చోటు ఎవరికీ చెప్పకండి, లొకేషన్ ట్యాగ్ అసలు పెట్టకండి. పక్షి మిమ్మల్ని చూసి అరవడం మొదలుపెట్టిందంటే మీరు అప్పటికే ఎక్కువ దగ్గరికి వెళ్లినట్టు. అభయారణ్యాల్లో ఫొటోలు తీయాలంటే వన్యప్రాణి చట్టం ప్రకారం అటవీశాఖ అనుమతి తీసుకోవాలి, పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్‌కి అనుమతి కావాలి. అడిగితే చాలాచోట్ల వాళ్లే దారి చెప్తారు.

ఇప్పుడు మీ లక్ష. ఆరు నెలలు దాన్ని ముట్టుకోకండి. ఈ సార్వా అంతా ఫోన్‌తోనే తీయండి. ఫోన్ ఎక్కడ చాలడం లేదో రాసుకోండి. దూరపు పక్షి అందడం లేదా, సాయంత్రం వెలుగులో ముఖాలు చెదిరిపోతున్నాయా? మొదటిదైతే జూమ్ లెన్స్ కావాలి, రెండోదైతే వెలుగుని ఎక్కువగా లోపలికి రానిచ్చే 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ కావాలి. అది చిన్నది, చవకైన లెన్సుల్లో ఒకటి, మనుషుల ఫొటోలకి నేను ఇప్పటికీ అదే వాడతాను. కంపెనీలు మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాల వైపు వెళ్లిపోయాక, అద్దం ఉన్న పాత డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలు సెకండ్ హ్యాండ్‌లో తక్కువకి దొరుకుతున్నాయి. మొదటి కెమెరాగా అది చాలు. కొనేటప్పుడు షట్టర్ ఎన్నిసార్లు పడిందో చూడమనండి, లెన్స్‌లోకి వెనకనుంచి టార్చి వేసి చూడండి. లోపల సాలెగూడులా సన్నటి తీగలు కనిపిస్తే అది ఫంగస్, ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు.

ఫంగస్ మన గోదావరి జిల్లాల్లో పెద్ద టెన్షన్. వానాకాలమంతా గాలిలో తేమే. సంచిలో పెట్టి బీరువాలో దాచిన నా 70-300 జూమ్ లెన్స్ ఒక్క వానాకాలంలో పాడైపోయింది. మీరు గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా ఒకటి, సిలికాజెల్ పొట్లాలు, తేమ కొలిచే చిన్న మీటరు కొనండి. మీటరులో తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. సిలికాజెల్ రంగు మారితే పెనం మీద సన్నటి సెగన వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. వారానికోసారైనా లెన్స్ బయటికి తీసి వాడండి. వాడే లెన్స్‌కి ఫంగస్ తక్కువగా పడుతుంది.

తీసిన రోజే ఫొటోలు ఎంచుకోకండి. ఆ రోజు కష్టం ఇంకా గుర్తుంటుంది కాబట్టి అన్నీ బాగున్నట్టే అనిపిస్తాయి. వారం ఆగి చూడండి. మూడు వందల్లో నాలుగైదు మిగిలితే అది మంచి రోజు. మిగిలినవి చెరిపేయకండి, హార్డ్ డిస్క్‌లో ఒక కాపీ, ఇంకోచోట ఒక కాపీ పెట్టుకోండి. పదేళ్ల తర్వాత ఆ పాత కాలువ వంతెన ఉండకపోవచ్చు. కొల్లేరులో నేను పట్టించుకోకుండా తీసిన కొన్ని తాటిదోనెల ఫొటోలు ఇప్పుడు నాకు అన్నిటికంటే విలువైనవి, ఎందుకంటే వాటి చోట ఫైబర్ పడవలు వచ్చేశాయి. ఏడాదికి కనీసం పది ప్రింట్లు వేయించండి. అవి మీ ఇంట్లో కాదు, ఫొటోలో ఉన్నవాళ్ల ఇళ్లలో ఉండాలి.

ఇప్పుడు మీ వైపు దమ్ములు సాగుతూ ఉంటాయి. రేపు ఐదింటికి మీ కాలువ గట్టు మీదికి వెళ్లి, ఒకేచోట నిలబడి, పొద్దు పొడిచాక అరగంట దాకా ఉండండి. పది రోజులు అదే చోటుకి వెళ్లండి. ఆ ట్రాక్టర్, కొంగల ఫొటో మళ్లీ తీయండి, ఈసారి మైనస్ ఒకటితో. ట్రాక్టర్ నడిపే ఆయన పేరు కనుక్కుని, ఆయన ఫొటో కూడా తీయండి. ఆ పది రోజుల ఫొటోల్లో ఐదు ఇక్కడ పెట్టండి, ఏ రోజు ఏ వేళకి తీశారో కింద రాయండి. నేను ఆదివారం చూసి ఒక్కొక్కదాని గురించీ రాస్తాను.